మూగ కూలీ మాట్లాడిన రోజు

చర్చి ఫాదర్‌ని దాచడానికి ఆ పట్నంలో వడ్రంగి కొట్టుని మించిన చోటు లేదు. ఆయన పేరెత్తితే వడ్రంగి అంతెత్తున లేస్తాడని సిపాయిలకు కూడా తెలుసు. భార్య మంచాన పడి ఫాదర్ కోసం కబురు పెడితే, వాన తగ్గాక వస్తానన్నాడాయన. వాన తగ్గేసరికి ఆమె పోయింది. భయంతో మొగుడి చేతిలో గోళ్లు దిగేలా పట్టుకుని పోయింది. అప్పట్నుంచి వడ్రంగి చర్చి గడప తొక్కలేదు.

కొత్త ప్రభుత్వం చర్చికి తాళం వేసి, పరాయి దేశపు గురువులు వెళ్లిపోవాలంది. అందరూ సరిహద్దు దాటారు. ఈయన దాటలేదు. వడ్రంగి భార్య అక్క ఆయన్ని కొట్టు వెనక తలుపులోంచి తీసుకొచ్చింది.

"నా కొట్టే దొరికిందా వదినా?"

"ఊళ్లో ఆయన్ని తిట్టిపోసేది మీరొక్కరే మరిదిగారూ. మిమ్మల్నెవరు అనుమానిస్తారు? నా చెల్లెలు బతికుంటే కాదనేదా?"

వడ్రంగి లేచి చెక్కల గది తలుపు తీశాడు.

నోరు విప్పితే యాస పట్టిస్తుంది. అందుకని ఫాదర్ మూగ కూలీ అయ్యాడు. పెద్ద రంపానికి అవతలి కొస పట్టుకున్నాడు. లాగి వదలాల్సింది పోయి నెట్టేవాడు, రంపం వంగి మొరాయించేది.

"దేవుడు చేతులెందుకిచ్చాడ్రా నీకు? దీవించడానికా?" అని అరిచేవాడు వడ్రంగి, సిపాయిల ముందే. వాళ్లు పగలబడి నవ్వి వెళ్లిపోయేవాళ్లు.

ఒక మధ్యాహ్నం ఓ అమ్మాయి గుమ్మంలో నిలబడింది.

"మా నాన్న పోయేలా ఉన్నాడు. ఆఖరి ప్రార్థన చేసి నూనె పూసే ఫాదర్ ఇక్కడున్నారని విన్నాను."

"ఇక్కడ తలుపులు చేస్తారు" అన్నాడు వడ్రంగి. ఆమె బట్టల మీద ఇస్త్రీ మడత చెదరలేదు. రోగి మంచం పక్క నుంచి లేచొచ్చిన మనిషి ఎలా ఉంటుందో అతనికొకరు చెప్పక్కర్లేదు.

"ఇల్లెక్కడమ్మా?" అన్నాడు మూగవాడు.

వడ్రంగి ఫాదర్ రెక్క పట్టుకుని చెక్కల గదిలోకి ఈడ్చాడు.

"ఎవడో పంపాడు దాన్ని. బట్టలు చూడు!"

"చూశాను. వీధి చివర ఇద్దరు నిలబడి ఉన్నారు కూడా."

"మరి?"

"నిజంగానే మంచం మీద మనిషుంటే?"

"నా ఇంట్లోనూ అప్పుడు మంచం మీదున్నది మనిషే!"

ఫాదర్ తల దించుకోలేదు. "అవును. ఆ రోజు తడవడానికి బద్ధకించాను. క్షమించమని అడగను."

"అడిగినా క్షమించను. బతికుండు, రోజూ తిడతాను."

ఫాదర్ నవ్వాడు. ఒంటికంటిన రంపపు పొట్టు దులుపుకున్నాడు. నూనె సీసా జేబులో వేసుకుని ఆమె వెంట నడిచాడు.

మర్నాడు పొద్దున సిపాయిలు ఆయన్ని మిల్లు గోడ దగ్గర కాల్చేశారు. విశ్వాసం వదిలేశానని ఒక్క మాటంటే సరిహద్దు దాటిస్తామన్నారట. అనలేదు.

ఆ కబురు తెచ్చింది వదినే. వడ్రంగి శవపేటికకి చెక్కలు కొలుస్తుంటే, ఆ అమ్మాయి మళ్లీ వచ్చింది.

"ఏ మొహం పెట్టుకుని వచ్చావే?" వదిన మీదికెళ్లింది.

"మా ఆయన్ని పట్టుకెళ్లారండీ. ఫాదర్‌ని చూపిస్తే వదులుతామన్నారు. శుభ్రమైన బట్టలు కట్టించి మరీ పంపారు. నాన్న జబ్బు మాత్రం అబద్ధం కాదు. నూనె పూయడం అయ్యేదాకా ఆగి పట్టుకున్నారు."

వడ్రంగి కొలబద్ద కింద పెట్టాడు. అతను అడగాల్సింది ఒక్కటే.

"ముసలాయన భయపడుతూ పోయాడా?"

"ముందు వణికిపోయాడు. ఫాదర్ పక్కన కూర్చుని చిన్నగా ఏదో చెప్తూ ఉన్నారు. నాకు వినపడలేదు. నాన్న మాత్రం సరే, సరే అన్నాడు. అలా అంటూనే నిద్రపోయినట్టు పోయాడు."

ఆ మాట వినకుండానే పోయింది తన భార్య. వడ్రంగి ఆయన్ని క్షమించలేదు. ఈమెని అసలే క్షమించలేదు. ఎదురుగా ఉన్న చెక్కని పక్కకి నెట్టాడు.

"ఇది చాలదు వదినా. లోపల మంచి టేకు ఉంది, అది తియ్యి. మనిషి పొడగరి. కాళ్లు ముడుచుకుని పడుకోవలసిన ఖర్మ ఆయనకెందుకు?"