సగటు బాగానే ఉంది

అంబులెన్సుల కంట్రోల్ రూములో రేడియోలు బాగుచేసే ఆవిడను అందరూ గరగరమ్మ అంటారు. రోజంతా హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఆ గరగర వింటూ ఉంటుంది మరి. ఆవిడకు కోపం ఎప్పుడూ ముక్కుమీదే ఉంటుంది. ఆ వారం అది ముక్కు దిగి, సంతకం పెట్టాల్సిన చేతిదాకా వచ్చింది.

సంగతేమిటంటే, ఒక సాయంత్రం అంబులెన్సు డ్రైవరు దారి తెలియక ఆరుసార్లు పిలిచాడు. కంట్రోల్ రూము పలకలేదు. రోగి నలభై నిమిషాలు ఆలస్యంగా ఆస్పత్రి చేరాడు. ప్రాణం దక్కడం అతని అదృష్టం. అప్పుడు మైకు ముందున్నది గరగరమ్మ వదిన. డ్యూటీలో నిద్రపోయిందని సూపరింటెండెంటు తేల్చేశాడు. పద్దెనిమిదేళ్ల ఉద్యోగం ఊడేలా ఉంది.

"నేను రెప్ప వాల్చలేదే. నాకు వినబడింది ఒట్టి గరగరే," అంది వదిన కళ్లు తుడుచుకుంటూ.

"ఏడవకు వదినా. ఆ గరగర ఎక్కణ్ణుంచి వస్తోందో పట్టుకుంటా."

గరగరమ్మ డాబా మీది యాంటెనాకు ఒక రిసీవరు తగిలించి, దాన్ని కంప్యూటరుకు కలిపింది. తమ చానల్లోనూ దాని అటూ ఇటూ ఉన్న ఫ్రీక్వెన్సీల్లోనూ సిగ్నల్ ఎంత బలంగా ఉందో సెకనుకోసారి కొలిచి ప్రింటు తీసింది. కాగితం మీద అడ్డంగా ఫ్రీక్వెన్సీ, పైనుంచి కిందికి కాలం. బలం తక్కువైతే నీలం, ఎక్కువైతే పసుపు. నాలుగు రోజుల కాగితాలు గోడకు పక్కపక్కన అంటించింది.

పగలంతా నీలం మీద అంబులెన్సుల పిలుపులు పసుపు చుక్కల్లా తేటగా ఉన్నాయి. సాయంత్రమయ్యేసరికి చానలంతా, రాత్రి పదకొండు దాకా, పసుపు పూసేసినట్టుంది. అందులో చుక్కను వెతకడం ఎవరి తరమూ కాదు. మూడు రోజులు ఆ పసుపు సరిగ్గా ఆరింటికి మొదలైంది. నాలుగో రోజు మాత్రం ఆరూ ముప్పై అయిదుకు.

ఆవిడ తిన్నగా వాచ్‌మన్ దగ్గరికి వెళ్లింది. "బాబాయ్, ఆరింటికి మీరేం స్విచ్చి వేస్తారు?"

"గుమ్మం మీద బోర్డు లైట్లమ్మా. నిన్న పంటి డాక్టరు దగ్గర ఆలస్యమైంది. అయ్యగారితో చెప్పకు."

మూడు నెలల క్రితం, తన పేరు వీధి చివరిదాకా కనబడాలని సూపరింటెండెంటు ముచ్చటపడి పెట్టించిన బోర్డు అది. యాంటెనాకు సరిగ్గా కింద ఉంది; దాని లైట్లు వెలిగినంతసేపూ వాటి గరగర యాంటెనాలోకే పోతోంది.

మర్నాడు సాయంత్రం పై ఆఫీసు నుంచి విచారణకు ఒక పెద్దావిడ కంట్రోల్ రూముకు వచ్చింది. సూపరింటెండెంటు ఫారం గరగరమ్మ ముందుకు తోశాడు. "రోజు మొత్తం మీద సిగ్నల్ సగటు ఇది. మూడు నెలలుగా పెరిగింది కూడా. రేడియోల్లో లోపం లేదని సంతకం పెట్టు."

"ఆ సగటు రాసింది నేనే సార్. ఫారంలో ఉన్నది ఒక్కటే గడి. అంకె పెరిగితే సిగ్నల్ బాగుపడిందని మురిసిపోయాను. పెరిగింది గరగర. నాకూ బుద్ధి లేకపోయింది."

"నీ తప్పని నువ్వే ఒప్పుకుంటున్నావా? నీ ఉద్యోగమూ పోతుంది, జాగ్రత్త!"

"పోనివ్వండి. రోజుకు అయిదు గంటలు మీ ముక్కు మూసి, సగటున ఊపిరి బాగానే ఆడిందని రాస్తే మీరు సంతకం పెడతారా? నేనూ పెట్టను."

పెద్దావిడ నవ్వు ఆపుకుంది. గోడమీద కాగితాలను వేలితో తడుముతూ చూసింది.

అప్పుడు ఆరున్నర. ఆనాడు పిలిచి పిలిచి విసిగిన ఆ డ్రైవరునే, అదే చోట నిలబడి పిలుస్తూ ఉండమని గరగరమ్మ ముందే చెప్పింది. స్పీకరులో గరగర తప్ప ఏమీ లేదు. వదిన మైకు ముందు చేతులు ముడుచుకుని కూర్చుంది.

గరగరమ్మ గబగబా మెట్లు దిగి బోర్డు స్విచ్చి ఆపేసింది.

"ఎవరే అది? నా బోర్డు!" సూపరింటెండెంటు కిటికీలోంచి కేకేశాడు.

ఆయన వెనక గదిలో గరగర ఠక్కున ఆగింది. డ్రైవరు గొంతు గంటలా వినబడింది. "కంట్రోల్... ఇది ఏడోసారి పిలవడం. ఎవరైనా ఉన్నారా?"

వదిన మైకు అందుకుంది. "ఉన్నాను. ఆ రోజూ ఇక్కడే ఉన్నాను. చెప్పు తమ్ముడూ."