గీతకీ కత్తెరకీ మధ్య

మా ఆయన సిగరెట్ మానేసిన రోజున నేను మురిసిపోయాను. ఆ మురిపెం మర్నాడు పొద్దున టీ దాకా కూడా నిలవలేదు.

మానడానికి కారణం మెట్లు. మాది చిన్న టైలరింగ్ షాపు. ముందు గదిలో ఆయన కత్తిరించే బల్ల, దాని పక్కన గుమ్మానికి ఎదురుగా నా మెషిన్, వెనక గదిలో మా సంసారం. మా వీధికి ఏళ్ళ తరబడి ఉత్తరాలు పంచిన పోస్ట్‌మాన్ గారు రిటైరవుతున్నారు. వీడ్కోలు సభకి కోటు వేసుకోవాలని ముచ్చటపడ్డారు. గుడ్డ ఆయన దగ్గరే ఉంది. ఎప్పుడో ఆయన భార్య కొన్నదట. ఏదైనా విశేషం వస్తే కుట్టిద్దామని పెట్టెలో దాచిందట. విశేషం వచ్చేసరికి ఆవిడ లేదు. "ఇంటికి రండి, గుడ్డ ఇస్తాను, కొలతలూ అక్కడే తీసుకుందురుగాని" అన్నారు.

ఆయన ఉండేది మూడో అంతస్తులో, లిఫ్ట్ లేని ఇంట్లో. టేపు మెడలో వేసుకుని నేనూ వెంట వెళ్ళాను. మొదటి అంతస్తు దాకా మా ఆయన కబుర్లు చెబుతూ ఎక్కాడు. తర్వాత కబుర్లు ఆగాయి. ఇంకాసేపటికి కాళ్ళూ ఆగాయి. రెండో అంతస్తు మలుపులో మెట్టు మీద చతికిలబడి రొప్పడం మొదలుపెట్టాడు. లోపల ఎవరో ఈల వేస్తున్నట్టుంది ఆ ఊపిరి. నేను పక్కనే కూర్చుని వీపు రాశాను.

మా చప్పుడు విని పోస్ట్‌మాన్ గారే గుడ్డ చంకలో పెట్టుకుని కిందికి దిగి వచ్చారు. "పర్లేదండీ, ఇక్కడే కొలిచేద్దాం" అని మెట్ల మీదే చేతులు చాచి నిలబడ్డారు. జీవితమంతా మన మెట్లు ఎక్కిన పెద్దమనిషి నిటారుగా నిలబడితే, ఆయన్ని కొలవాల్సిన మొనగాడు గోడకి జారగిలబడి ఉన్నాడు. టేపు పట్టింది నేనే. కానీ కూర్చున్న చోటి నుంచే మా ఆయన అన్నాడు, "కుడి భుజం చూడవే, కిందికి దిగింది. సంచీ మోసిన భుజం." కొలిస్తే అర అంగుళం తేడా ఉంది. ఊపిరి లేకపోయినా కన్ను మాత్రం ఉందిలే అనుకున్నాను.

మర్నాడు మా ఆయన తనంతట తనే డాక్టరమ్మ దగ్గరికి వెళ్దామన్నాడు. ఆవిడ భయపెట్టలేదు, జరగబోయేది చెప్పింది.

"మొదటి మూడు రోజులూ గట్టి పరీక్ష. కస్సుబుస్సులు, నిద్ర పట్టకపోవడం, ఏ పని మీదా మనసు నిలవకపోవడం, అన్నీ ఉంటాయి. కాల్చాలన్న కోరిక వచ్చినప్పుడు మీద పడిపోతున్నట్టే ఉంటుంది. కానీ కొన్ని నిమిషాలే. అది దాటిపోయేదాకా ఏదో ఒకటి చేస్తూ ఉండండి. దగ్గు మొదట్లో తగ్గకపోగా పెరగొచ్చు. కంగారు పడకండి, ఊపిరితిత్తులు ఇల్లు ఊడ్చుకుంటున్నాయనుకోండి. ఆకలి పెరుగుతుంది. కొన్ని వారాలకి అన్నీ సర్దుకుంటాయి." తర్వాత నావైపు తిరిగి, "మీరు కాస్త ఓపిక పట్టాలమ్మా" అంది.

"దానికేమైనా మందు రాస్తారా?" అన్నాను. ఆవిడ నవ్వింది. నేను మాత్రం నిజంగానే అడిగాను.

ఆ రోజే ఇంట్లో ఉన్న సిగరెట్ పెట్టెలూ, లైటర్లూ, అగ్గిపెట్టెలూ అన్నీ చెత్తబుట్టలో పారేశాను. ఇక మొదలైంది. టీ వేడిగా ఉందని కస్సుమన్నాడు. చల్లార్చి ఇస్తే చల్లగా ఉందని బుస్సుమన్నాడు. నా మెషిన్ చప్పుడు చేస్తోందట! పెళ్ళైన నాటి నుంచి అది చేస్తున్నది అదే చప్పుడు. షాపులో ఈ మూల నుంచి ఆ మూలకి కాలుగాలిన పిల్లిలా తిరిగేవాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. గీతలు గీసే నీలం సుద్దముక్కని రెండు వేళ్ళ మధ్య ఇరికించుకుని పరధ్యానంగా నోట్లో పెట్టుకునేవాడు. ప్లీడరు గారు షర్టు కోసం వచ్చినప్పుడు మా ఆయన మూతి నీలంగా ఉంది. "అదేమిటయ్యా?" అని ఆయన అడిగితే, "ఫ్యాషనండీ" అన్నాను నేను. మా ఆయన నన్ను కాల్చేసేలా చూశాడు. కాల్చడానికి ఇంకేమీ లేదు మరి, పాపం.

దగ్గు కూడా డాక్టరమ్మ చెప్పినట్టే పెరిగింది. ఆకలి అంతకంటే పెరిగింది. బిస్కెట్ల డబ్బా నేను నింపుతుంటే ఆయన ఖాళీ చేసేవాడు. వారం తిరిగేసరికి తన పాంటు నడుము తనే విప్పుకుని వదులు చేసుకున్నాడు. ముక్కు మాత్రం నిద్ర లేచింది. "మెషిన్ నూనె ఇంత కంపు కొడుతుందేమిటే?" అన్నాడు ఒక పొద్దున. తడి గుడ్డ మీద ఇస్త్రీ పెట్టె పెడితే వచ్చే వాసన బాగుందని, పనిలేకపోయినా రెండు రుమాళ్ళు తడిపి ఇస్త్రీ చేశాడు. పక్క షాపులో గడియారాలు బాగుచేసే ఆయన, మా ఆయనకి సిగరెట్ల జోడీ, మాట్లాడి వెళ్ళాక మా ఆయన ముక్కు చిట్లించి అడిగాడు, "నేనూ ఇలాగే కంపు కొట్టేవాణ్ణా?"

"ఇప్పటికైనా తెలిసింది, సంతోషం" అన్నాను.

ఇంతవరకు అయితే నవ్వుకునే విషయమే. నవ్వు రాని సంగతి ఇంకొకటి ఉంది. మా ఆయన చెయ్యి తప్పు చేయడం మొదలుపెట్టింది.

ముందు ప్లీడరు గారి చారల షర్టు. కుడదామని నేను ముక్కలు తీస్తే చేతులు రెండూ ఎడమవే. గుడ్డని తిరగేసి పరిచిన సంగతి మరచి కోసేశాడు. ప్లీడరు గారి దగ్గర గుడ్డ మిగిలి ఉండబట్టి గండం గడిచింది. తర్వాత ఎవరిదో పాంటు పొట్టిదైంది. ఆ రోజు మా ఆయన కత్తెర బల్ల మీద పెట్టి, కుర్చీలో కూలబడ్డాడు. కోపం కూడా లేదు మొహంలో. అదే నన్ను భయపెట్టింది.

"సిగరెట్ లేకపోతే నా బుర్ర పనిచేయదే. ఇన్నేళ్ళలో ఎప్పుడైనా రెండు ఎడమ చేతులు కోశానా?"

"అలవాటు పడాలండీ. డాక్టరమ్మ చెప్పింది కదా, మనసు నిలవదని."

"ఆవిడ చెప్పింది. ఆ కోటు గుడ్డ నువ్వు చూశావుగా? సరిగ్గా ఒక్క కోటుకే వస్తుంది. గోరంత కూడా మిగలదనుకో. అది పాడైతే ఏం తెచ్చిస్తాను? ఆయన భార్య మళ్ళీ వచ్చి కొంటుందా?" నా మొహం చూడకుండా అన్నాడు, "అది కోసే రోజున ఒక్కటి కాలుస్తాను. ఒక్కటే."

ఆ ఒక్కటి ఎలాంటిదో నాకు తెలుసు. ఇంతకుముందు రెండుసార్లు మానినప్పుడు కూడా ఒక్కదానితోనే మళ్ళీ మొదలైంది. వద్దంటే కోటు పాడైతే పాపం నాది. సరేనంటే ఆ మెట్ల మీది ఈల మళ్ళీ నా చెవిలో మోగుతుంది. ఏడుపొచ్చింది. ఏడవలేదు, ఆ కోపమంతా బొత్తాల మీద చూపించాను.

కోటు కోసే రోజు రానే వచ్చింది. ఇక వాయిదా వేయడానికి లేదు, సభ దగ్గర పడింది. గుడ్డ విప్పగానే కలరా ఉండల ఘాటు గుప్పుమంది. మా ఆయన వంగి, ఇంకాస్త వంగి వాసన చూశాడు. "దీని కింద ఇంకేదో ఉందే. సబ్బు. ఆవిడ పెట్టెలో సబ్బు బిళ్ళ పెట్టేదనుకుంటా" అన్నాడు. నాకైతే ఏమీ తెలియలేదు. ముక్కు నిద్ర లేచింది ఆయనకి కదా.

గుడ్డని తిరగేసి, ఒంటి పొరగా పరిచి, గీతలు గీయడం మొదలుపెట్టాడు. నేను నా మెషిన్ మీద ఒక కర్టెన్ అంచు కుడుతున్నాను. మధ్యలో వెనక గదిలో పాలు పొంగే చప్పుడైతే పరిగెత్తాను. స్టవ్ కట్టేసి తిరిగి వచ్చి ఆ గది గుమ్మంలో నిలబడేసరికి, మెషిన్ మీది కర్టెన్ అంచు పక్కకి వాలిపోయి కనిపించింది. ఇంతసేపూ నా ముక్కు కిందే ఉంది, చూడలేదు. ఆరడుగుల దూరం నుంచి మాత్రం చూడగానే దొరికిపోయింది.

అప్పుడు నా బుర్రలో ఏదో కదిలింది. ఇన్నేళ్ళూ నా మెషిన్ ముందు కూర్చుని నేను రోజూ చూసిందేమిటి? మా ఆయన గీతలు గీస్తాడు. కత్తెర గుడ్డ మీద పెట్టి వీధి మెట్టు మీదికి పోతాడు. వెలిగిస్తాడు. తిరిగొచ్చి గుమ్మంలో ఆగి, తల పక్కకి వాల్చి బల్ల వైపు చూస్తాడు. "ఛ" అంటాడు. ఏదో ఒక గీత చెరిపి మళ్ళీ గీస్తాడు. అప్పుడు కోస్తాడు. ఇప్పుడు? గీయడం, కోయడం. మధ్యలో బయటికి పోయే పనే లేదాయె!

నేను నోరు తెరిచేలోపే ఆయన గీతలు పూర్తిచేసి కత్తెర అందుకున్నాడు. గుడ్డ అంచు దాకా తెచ్చి ఆగిపోయాడు. కత్తెర పెట్టేసి, జేబులోంచి ఒక సిగరెట్ తీశాడు. గడియారాలాయన ఇచ్చి ఉంటాడు, పుణ్యాత్ముడు.

"నేను ముందే చెప్పాను నీకు" అన్నాడు నేల చూస్తూ.

"కాల్చొద్దనడం లేదు" అన్నాను. "బయటికి వెళ్ళండి. ఆ వీధి చివరిదాకా వెళ్ళి రండి. వచ్చాక గుమ్మంలో ఆగి బల్ల వైపు చూడండి. మిమ్మల్ని కాపాడింది ఆ పొగ కాదండీ. వెళ్ళి రావడం."

"నీకేమైనా పిచ్చా?"

"అవును, పిచ్చే. వెళ్ళండి ముందు." భుజాలు పట్టి బయటికి నెట్టి, షట్టర్ సగం కిందికి లాగేశాను.

చేతిలో సిగరెట్‌తోనే వెళ్ళాడు. నేను బల్ల ముందు నిలబడి గీతలు చూశాను. నాకన్నీ సరిగ్గానే కనిపించాయి. వీధిలోకి తొంగి చూద్దామనిపించింది, చూడలేకపోయాను. వెలిగిస్తే వెలిగించాడు, మనిషి తిరిగొస్తే చాలు అనుకున్నాను. మళ్ళీ అలా అనుకున్నందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

షట్టర్ పైకి లేచింది. మా ఆయన గుమ్మంలో ఆగాడు. తల పక్కకి వాల్చాడు. బల్ల వైపు చూశాడు.

"ఛ" అన్నాడు.

ఆ మాట అంత తియ్యగా నాకెప్పుడూ వినబడలేదు.

"ఎడమ భుజం దించానే! గుడ్డ తిరగేసి ఉంది కదా, కుడి ఎడమైపోయింది. కోసుంటే దిగిన భుజం పైకెగిరి, మంచి భుజం జారిపోయేది." బ్రష్ తీసుకుని గీత చెరిపేశాడు. పక్కది దించి గీశాడు. మళ్ళీ గుమ్మం దాకా వెళ్ళి చూసి వచ్చాడు. అప్పుడు కత్తెర తీశాడు. ఈసారి ఆగలేదు.

కోయడం అయ్యేదాకా ఓపిక పట్టి, ఆ తర్వాత దగ్గరికెళ్ళి మొహమాటం లేకుండా ఆయన చొక్కా వాసన చూశాను. సబ్బు, చెమట, సుద్ద. ఆయన ఎడమ గుప్పిట విప్పాడు. అరచేతిలో నలిగిన కాగితమూ, పొగాకు పొడీ.

"వెలిగిద్దామనే వెళ్ళానే, అబద్ధమెందుకు. అగ్గిపెట్టె లేదు. ఎవరినైనా అడుగుదామని నడిచాను. అడిగే మనిషి కనబడేలోపు ఆ కోరిక కాస్తా దాటిపోయింది. చేతిలో ఇది పొడైపోయింది."

ఇల్లంతా వెతికి అగ్గిపెట్టెలు పారేసినందుకు నా భుజం నేనే తట్టుకున్నాను. ఇప్పుడు మా షాపులో పద్ధతి అది. గీతలు గీశాక మా ఆయన కత్తెర నా చేతికిచ్చి, వీధి చివరిదాకా నడిచి వస్తాడు. వచ్చి "ఛ" అనేదాకా నేను కత్తెర ఇవ్వను. మానేసి నాలుగు వారాలు గడిచేసరికి కస్సుబుస్సులు చాలావరకు సద్దుమణిగాయి. మిగిలినవి సిగరెట్టువి కావు, పుట్టుకతో వచ్చినవి.

సభకి ముందు రోజు కోటు పట్టుకుని ఆ మూడంతస్తుల ఇంటికి వెళ్ళాం. మా ఆయన నెమ్మదిగానే ఎక్కాడు గాని ఎక్కడా ఆగలేదు. రెండో అంతస్తు మలుపులో కూర్చున్నది నేను. బిస్కెట్ల డబ్బా నింపినప్పుడల్లా రుచి చూసిన ఫలితం. "కూర్చో, కూర్చో. కొలతలు కూడా ఇక్కడే తీస్తారు" అన్నాడు పైనుంచి. ఆ వెక్కిరింతకి బదులు చెప్పాలంటే ఊపిరి కావాలి. ఇన్నాళ్ళకి ఆయన దగ్గరుంది, నా దగ్గర లేదు.

పోస్ట్‌మాన్ గారు కోటు వేసుకుని అద్దం ముందు నిలబడ్డారు. భుజాలు రెండూ సమంగా కనిపించాయి. ఆయన కుడిచేత్తో కుడి భుజాన్ని ఒకసారి తడుముకున్నారు, సంచీ లేదా అన్నట్టు.

"లోపలి జేబు చూడండి" అన్నాడు మా ఆయన. "గోరంత మిగలదనుకున్నాను, ఒక చిన్న ముక్క మిగిలింది. ఆ జేబు దానితోనే కుట్టాను. కోటంతా ఇస్త్రీ చేశాను గాని, దాన్ని మాత్రం ముట్టుకోలేదు. వాసన పోతుందని."

పోస్ట్‌మాన్ గారికి అర్థం కాలేదు. కోటు తెరిచి, తల వంచి, జేబు దగ్గరికి మొహం పెట్టారు. ఎంతసేపటికీ తల ఎత్తలేదు. మేమిద్దరం అద్దంలో మా కాళ్ళు చూసుకుంటూ నిలబడ్డాం.

దిగేటప్పుడు మా ఆయన మెట్టు మెట్టుకీ నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఇన్నేళ్ళూ మన షాపు నుంచి వెళ్ళిన ప్రతి బట్టకీ నా సిగరెట్ వాసనే కదే" అన్నాడు.

"అవును" అన్నాను.

"ఆ రోజు ఎవరో ఒకరు అగ్గిపెట్టె ఇచ్చి ఉంటే?"

"ఇవ్వలేదు కదా" అన్నాను. కింద వీధిలోకి వచ్చాక కూడా చెయ్యి వదల్లేదు.