ఖరగ్‌పూర్ మణుగు

నాలుగు రోజులుంటానని వచ్చిన దేముడు ఇరవై ఆరో రోజున కూడా పోలమ్మ వంటింటి గడప మీద కూచుని కాలిగోళ్లు తీసుకుంటున్నాడు. తీసిన గోళ్లు పారేయడు. గడప మీదే వరసగా పేర్చి, ఎన్నయ్యాయో చూసుకుంటాడు. మనిషి కాళ్లకి పది గోళ్లే ఉంటాయని పోలమ్మ అంతవరకూ అనుకునేది. ఈయనకి ఇరవై రెండు దాకా ఉన్నట్టున్నాయి.

దేముడు ఆమె మొగుడు తవిటయ్యకి స్వయానా బావ, అక్క దాలమ్మ మొగుడు. ఊరు చీపురుపల్లి దగ్గర. నయాపైసలింకా రాని ఆ రోజుల్లో, పెళ్లాన్నీ అయిదుగురు పిల్లల్నీ తీసుకుని ఖరగ్‌పూర్ వచ్చేస్తే బాగుంటుందని ఆయనకి బుద్ధి పుట్టింది. తవిటయ్య రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఎవరి కాళ్లో పట్టుకుని ఖలాసీ పనిలో పెట్టించకపోడు. కానీ రాష్ట్రం దాటి సంసారం ఎత్తడమంటే మాటలా? ముందు ఆ ఊరి ఖర్చూ ఈ ఊరి ఖర్చూ పక్కపక్కన రాసి చూసుకోవాలి. అందుకని ఒక నోటుపుస్తకం, ఒక పెన్సిలు, ఒక ఖాళీ కడుపు పట్టుకుని ముందుగా ఒక్కడే దిగాడు.

కోటరు రెండు గదులు. పోలమ్మ, తవిటయ్య, ముగ్గురు పిల్లలు. ఒకరు ఒత్తిగిలితే మిగతా నలుగురూ ఒత్తిగిలాలి. దానిలోకి ఇంకో ఏడుగురు వస్తే ఊపిరి కూడా వంతులవారీగా పీల్చుకోవాలి. ఆ మాట బావగారితో అనడానికి తవిటయ్యకి నోరు లేదు. మొగుడికి లేని నోరు పోలమ్మకి ఉన్నా, ఆడపడుచు మొగుడి ముందు అది పెగలదు.

దేముడికి ఖరగ్‌పూర్‌లో ఒక్కటీ నచ్చలేదు. ఆవనూనె కంపని ముక్కు మూసుకునేవాడు. ఆ మూసిన ముక్కుతోనే పద్నాలుగు చేపముక్కలు తిని, పదిహేనో ముక్కకి ముక్కు వదిలేసేవాడు. సగం కాల్చిన చుట్ట ఆర్పి కిటికీలో దాచి, దాచిన సంగతి మరిచి కొత్తది వెలిగించేవాడు. మూడు వారాలకి ఆ కిటికీలోంచి వెలుతురు రావడం మానేసింది. తెల్లారి ఆయన గొంతు సవరించుకుంటే, సిగ్నలిచ్చారనుకుని షెడ్డులో ఇంజన్లు కదిలేవి. సవరించుకున్నది ఎక్కడ ఉమ్మాడో పోలమ్మకి రోజూ కాలు పెట్టాకే తెలిసేది.

ఆ రోజు సాయంత్రం, తవిటయ్య డ్యూటీ దిగి భోజనానికి కూచోగానే, దేముడు పుస్తకం తెరిచాడు.

"నెక్క తేలిపోనాది బామ్మర్దీ. ఇను. ఇంటద్దె. మా ఊర్లో రెండ్రూపాయలు. కరకపూర్లో సున్న."

"సున్నేటి బావా?"

"మీ కోటరుంది గదేటి. కంపినీవోళ్లు ఊరికే ఇచ్చినారు."

"ఊరికే కాదు బావా. జీతంలో కోసెస్తారు."

"నీ జీతంలో గదా!" దేముడు చేపముల్లుతో పళ్లు కుట్టుకుంటూ తరవాతి వరసకి దిగాడు. "కర్రలు. మా ఊర్లో మూడ్రూపాయలు. ఇక్కడ బొగ్గు సున్న. ఎలగూ సెల్లెమ్మ పొయ్యి ఎలిగిస్తాది, మాకు ఏరే మంటెందుకు? పాలు, సున్న. దీపం, సున్న. మీ దీపం ఎలుతురు మామీద పడకుండా ఎల్లిపోతాదేటి?"

ఆయన సున్నాలు ఒక్కొక్కటి కోడిగుడ్డంత, గుండ్రంగా, శ్రద్ధగా చుట్టి ఉన్నాయి. పోలమ్మకి అవన్నీ తన గిన్నెల్లాగే కనిపించాయి, ఎవరో అడుగంటా నాకేసినట్టు. ఈ మనిషి లెక్కలో ఖరగ్‌పూర్ ఎందుకింత చవకో ఆమెకి అర్థమైపోయింది. ఆ చవకంతా తనే.

తవిటయ్య తల వంచుకుని అన్నంలో ఏదో వెతుకుతున్నాడు. ఇక తనే ఏదో ఒకటి చెయ్యాలి.

"అన్నియ్యా, సింతపండు ఏసినావా?" అంది.

"సింతపండా?"

"మరేటి. అన్నీ ఎట్టగలను గానీ, అది నాను ఎట్టలేను. ఈ ఊర్లో దాని ధర మంట. మేం మనూర్నించే తెచ్చుకుంటాం. మీ ఏడుగురికీ పులుసంటే..."

దేముడి పెన్సిలు ఆగింది. పులుసు లేని అన్నం ఆయన ఊహలోకి కూడా ఎప్పుడూ రాలేదు.

మర్నాడు పొద్దున్నే ఆయన్ని గోల్‌బజారులో తీతు కొట్టుకి తీసుకెళ్లింది. తీతు నెమ్మదైన బెంగాలీ మనిషి.

"దాదా, సింతపండు మణుగెంత?" అన్నాడు దేముడు బస్తాలోకి వేలు పెట్టి, ఆ వేలు చీకి, మళ్లీ పెట్టి.

తీతు ఆ వేలుకేసి చూసి మొహం చిట్లించుకున్నాడు. "తెంతుల్? మొన్ ఛాబ్బిశ్ టాకా."

"ఏటంతన్నాడు సెల్లెమ్మా?"

"మొన్ను ఇరవయ్యారు రూపాయలంట."

"మొన్నేటి? ఆఁ, మణుగే! ఈళ్లకి నోరు తిరగదు పాపం. ఎనకాల 'గు' తినేసినాడు."

పన్నెండేళ్లుగా ఆ బజారులో కొంటున్న పోలమ్మకి తెలుసు. బెంగాలీల మొన్ అంటే నలభై సేర్లు. మన మణుగులు మూడు ఎత్తి పోసినా మొన్ నిండదు. ఆ మాట చెబుదామని నోరు తెరిచింది కూడా. సరిగ్గా అప్పుడే దేముడు ఖాండ్రించి ఆమె సంచి పక్కన ఉమ్మాడు. పోలమ్మ నోరు మూసుకుంది.

"ఓలమ్మో! మా ఊర్లో ఎనిమిది రూపాయల మణుగు ఇక్కడ ఇరవయ్యారా!" అని పుస్తకంలో రాసుకున్నాడు. ఖరగ్‌పూర్ వరసలో సున్న కాని మొదటి అంకె అదే. ఆ మధ్యాహ్నమే పాసింజరెక్కి వెళ్లిపోయాడు.

పోలమ్మ గడపని ఏడు బిందెల నీళ్లతో కడిగింది. కిటికీలోని చుట్టముక్కలు చేటకెత్తితే రెండు రోజులు కుంపటి రాజేసుకోవడానికి సరిపోయాయి. అన్నంలో చుట్ట వాసన మాత్రం వారం దాకా పోలేదు.

పన్నెండో రోజు మూడు రిక్షాలు ఇంటి ముందు ఆగాయి. ఒకదాంట్లో దేముడు, పిల్లలు. ఒకదాంట్లో దాలమ్మ, ట్రంకుపెట్టె. మూడోదాంట్లో బస్తాలు. ఆ బస్తాల గోనె ఎండకి చెమర్చి, నల్లగా, జిగటగా కారుతోంది. వాటి వెనకాలే చీపురుపల్లి చీమలు టిక్కెట్టు లేకుండా వచ్చి, వరస తప్పకుండా దిగాయి.

"పది మణుగులు, సెల్లెమ్మా!" దేముడు రిక్షాలోంచే కేకేశాడు. "గేదెనమ్మీసి కొన్నాను. ఎనిమిదికి కొని ఇరవయ్యారుకి అమ్మితే ఏటవుతాదో నువ్వే సూడు! నువ్వు సూపించకపోతే నాకెలగ తెల్సును?"

దారి పొడుగునా చింతపండు చీకుతూ వచ్చిన అయిదుగురు పిల్లలూ దిగగానే పది చేతులూ పోలమ్మ గోడకి తుడిచారు. గోడకి సున్నం వేసి నెల కాలేదు.

దాలమ్మ పెట్టె దించుకుని చుట్టూ చూసింది. "ఇది మా తమ్ముడిల్లు గదా. మనిల్లెక్కడ? ఇల్లు సూసీసినానన్నావు?"

"ముందు సరుకు అమ్మనీవే," అన్నాడు దేముడు.

దాలమ్మ ఆ పెట్టె మీదే వరండాలో కూచుంది.

పోలమ్మని వెంటబెట్టుకుని దేముడు బస్తాలు బజారుకి తోలించాడు. తీతు పెద్ద కాటా దించాడు. బస్తాలు ఎత్తాడు. తూనికరాళ్లు వేశాడు. "తీన్ మొన్," అన్నాడు.

"మూడేటి? పది!"

మళ్లీ తూచాడు. మూడే. దేముడు కాటా చుట్టూ తిరిగాడు. కింద పడుకుని పైకి చూశాడు. తీతుని వీధి అవతలికి పోయి నిలబడమన్నాడు. పాపం తీతు వెళ్లి నిలబడ్డాడు. అప్పుడూ మూడే. ఆఖరికి తీతు తిరిగొచ్చి, నలభై సేర్లయితే ఒక మొన్ అని వేళ్లు ముడిచి చూపించాడు. మొత్తం డెబ్భై ఎనిమిది రూపాయలు. పెట్టుబడి ఎనభై. లగేజీ చార్జీ వేరే.

దేముడు పోలమ్మ వైపు తిరిగాడు. "ఈళ్ల మణుగు ఇంత లావని నీకెరికేనా సెల్లెమ్మా?"

పోలమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. "నాను కొనీది పావుసేరు అన్నియ్యా. మణుగు మొకం నానెప్పుడు సూసినాను?"

కాసేపు దేముడు ఏడుపు మొహం పెట్టాడు. కాసేపే. తరవాత ఆ మొహం మెల్లిగా వెలిగింది.

"అంటే... ఇక్కడ సింతపండు కూడా మా ఊరి ధరేనన్నమాట!" పుస్తకం తీసి ఇరవై ఆరు కొట్టేశాడు. "ఇంక అడ్డేటుంది? ఉండిపోదుం!"

ఆయన్ని తరమడానికి పోలమ్మ దాచిన మాట ఆయన్ని చింతపండుతో సహా తీసుకొచ్చింది. ఇప్పుడది బయటపడి ఆయన్ని ఇక్కడే కూచోబెడుతోంది. ఇంటికి నడిచినంతసేపూ దేముడు ఏ గదిలో ఎవరు పడుకోవాలో చెబుతూనే ఉన్నాడు. పోలమ్మనీ తవిటయ్యనీ వరండాలో వేశాడు.

దాలమ్మ ఇంకా పెట్టె మీదే ఉంది, మూత తియ్యలేదు. పోలమ్మ ఆమె పక్కన నేల మీద చతికిలపడింది. ఇక ఏ ఎత్తూ వెయ్యదలుచుకోలేదు.

"అన్నియ్యా, పుస్తకం సదువు. వదిన ఇంటాది."

దేముడు గర్వంగా చదివాడు. ఇంటద్దె సున్న. బొగ్గు సున్న. పాలు సున్న. దీపం సున్న. ఒక్కో సున్నాకీ దాలమ్మ మెడ ఒక్కో అంగుళం తిరిగింది.

"ఈ సున్నలన్నీ మా తమ్ముడియా?"

"మరెవులియి?"

"ఇరవయ్యారు రోజులు తిని పోనావు గదా. అదెక్కడ రాసినావు?"

"అది రాయనేదు."

"ఛీ!" దాలమ్మ లేచింది. "నా పుట్టినోళ్లింట్లో నన్ను సున్న సేసీసినావు గదా! మా మరదలు నా మొకం ఎలగ సూస్తాది? గేదె కూడా పోనాది. లే. పెట్టెత్తు."

"అది గాదే..."

"ఎత్తు!"

సాయంత్రం పాసింజరుకి అందరూ వెళ్లిపోయారు. వెళ్లే ముందు దాలమ్మ తడిగుడ్డ తీసుకుని గోడ మీది మరకలు తుడిచింది. పోలేదు. పోలమ్మ చెయ్యి ఒకసారి నొక్కి రిక్షా ఎక్కింది.

చింతపండు మాత్రం వెళ్లలేదు. నష్టానికి అమ్మనన్నాడు దేముడు. మళ్లీ లగేజీ కట్టనన్నాడు. బస్తాలు బజారు నించి మళ్లీ ఇంటికే తెప్పించి, రెండో గదిలో పైదాకా పేర్చి, ధర పెరిగాక అమ్మి డబ్బు పంపమన్నాడు. నెల తిరిగేసరికి ఆ గదిలోకి అడుగు పెడితే అడుగు తిరిగి రావడం లేదు. చీమలు గోడ మీద డబుల్ లైను వేసుకున్నాయి. పక్కగదిలో పాలు తోడు పెట్టకుండానే తోడుకుంటున్నాయి. పోలమ్మకి పులుసు పేరెత్తితే వాంతి వస్తోంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం దేముడి కార్డొచ్చింది. చింతపండు జాగ్రత్త, ఒక్క వీశ తగ్గినా ఊరుకోను అని.

"జవాబు రాయి మావా," అంది పోలమ్మ. "సరుకుకి గదద్దె, నెలకి ఆరు రూపాయలు."

తవిటయ్య పెన్సిలు పట్టుకుని నసిగాడు. "బావకి అద్దె రాయడానికి సెయ్యి రావడం నేదే. ఆయన మనకి సున్న రాసినాడు. మనం ఆరు రాస్తే ఏటనుకుంటాడు?"

పోలమ్మ కార్డు అతని ముందుకి జరిపింది.

"అలగైతే ఆరు పక్కన సున్న కూడా ఎట్టు," అంది. "అన్నియ్యకి సున్నంటే ఇష్టం."