పడితే బంతి వాడిదే

ఆదివారం భోజనాలయ్యాక మాంసం వండిన పెద్ద గిన్నె అడుగు గీకుతున్నాను. వెనక బల్ల దగ్గర మా అన్న డెరెక్ ఫోన్లో నా గురించే చదివి నాన్నకు వినిపిస్తున్నాడు. ఏప్రిల్లో డ్రాఫ్ట్. ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ జట్లు వంతులవారీగా కాలేజీ అమ్మాయిలను ఎంచుకునే రోజు. ఎవరు ఎంత పనికొస్తారో ముందుగా తూచి రాసేవాళ్ళు వేరే ఉంటారు. "కోరిన్ హాఫ్నర్, ఫార్వర్డ్, ఆరడుగుల రెండంగుళాలు. తప్పిన బంతిని అందుకోవడంలో ఈమెకు సాటి లేరు. తోటివాళ్ళకు దారి చేసిపెట్టడంలో దిట్ట. స్వార్థం లేని ఆట." అక్కడ ఆగి గొంతు సవరించుకున్నాడు. "రింగ్‌కి ఆరడుగులు దాటితే బంతి వేయలేదు. ఈమెకు కాపలా అక్కర్లేదు. డ్రాఫ్ట్‌లో పేరు రావడం కష్టం."

"స్వార్థం లేదన్నారుగా, మెచ్చుకోలే కదా అది!" అన్నాడు నాన్న, ఇంకో కేకు ముక్క తీసుకుంటూ.

కాపలా అక్కర్లేదు. ఆ మాట ఇవాళ రాశారు గానీ, నాలుగేళ్ళుగా ప్రతి ఆటలోనూ నాకు చూపిస్తూనే ఉన్నారు. బంతి నా చేతికి రాగానే ఎదుటి జట్టు అమ్మాయి నాలుగడుగులు వెనక్కి వెళ్ళిపోతుంది. చేతులు దించేస్తుంది. కొందరైతే నడుం మీద చేతులు పెట్టుకుని, వేసుకో తల్లీ అన్నట్టు చూస్తారు. పదివేల మంది ముందు ఒంటరిగా బంతి పట్టుకుని నిలబడటం ఎంత సిగ్గో నాకు తెలుసు. వెంటనే మా జట్టు మేగన్‌కి అందించేస్తాను. ఆమె వేస్తుంది, జనం ఆమె పేరు అరుస్తారు. మా కోచ్ బ్రాండ్ట్ నా భుజం తట్టి, "నీలాంటి పిల్ల ఒకత్తి ఉంటే చాలు, జట్టు ఇల్లులా నడుస్తుంది" అంటాడు. ఇల్లు ఎలా నడుస్తుందో ఆయనకేం తెలుసు! మంగళవారం మా ఊళ్ళో చివరి ఆట. ఒక ప్రొఫెషనల్ జట్టు నుంచి ఒకావిడ నన్ను చూడటానికే వస్తోంది. నిన్న ప్రాక్టీసయ్యాక బ్రాండ్ట్ నన్ను ఆపి, "మంగళవారం కొత్త విద్యలేం చూపించకు. బయటి నుంచి వేశావో, బెంచీ మీద కూర్చుంటావు" అన్నాడు. సరే సార్ అన్నాను. నా నోటికి అదొక్కటే బాగా అలవాటు.

పక్కన గిన్నెలు తుడుస్తున్న అమ్మ గొంతు తగ్గించి, "నువ్వు వేసేదానివే" అంది.

"ఏంటి?"

"నీ ఎనిమిదేళ్ళప్పుడు. ఈ కిటికీలోంచి చూశాగా. అన్నకంటే బాగా వేసేదానివి. బంతి రోడ్డు మీదికి దొర్లితే వాడు ఒళ్ళు తెలీకుండా దాని వెంట పరిగెత్తేవాడు. మక్కజొన్న లారీలు పోయే రోడ్డాయె. నా గుండె నోట్లోకొచ్చేది. అందుకే నేనే నిన్ను రింగ్ కింద నిలబెట్టా, అన్నకి బంతులు అందివ్వమని."

ఇన్నాళ్ళూ అది నాన్న పనే అనుకున్నాను. ఆయన మీద కోపం పెంచుకోవడం తేలిక. నా కోపం ఇప్పుడు ఎక్కడికెళ్ళాలో తెలియక సబ్బునీళ్ళలోనే నిలబడిపోయింది.

"రావే, నీ షాట్ నేను సరిచేస్తా," అంటూ డెరెక్ లేచాడు. కాలేజీ జట్టులో రెండో ఏడాదికే వాడికి చోటు పోయింది. ఇప్పుడు హైస్కూల్ కుర్రాళ్ళకు కోచ్. మంచు తీసేసిన గ్యారేజీ ముందుకి, గోడకి బిగించిన రింగ్ దగ్గరికొచ్చాం. "ముందు నా మోచెయ్యి చూడు," అని వేశాడు. పడింది. ఈ ఊళ్ళో ఏ ఇంటి ముందైనా ఆట నియమం ఒకటే: పడితే బంతి వేసినవాడికే తిరిగివ్వాలి, తప్పితే అందుకున్నవాళ్ళది. తిరిగిచ్చాను. మళ్ళీ పడింది. మళ్ళీ ఇచ్చాను, సరిగ్గా వాడి ఛాతీ ఎత్తుకి, వాడు ఒక్క అడుగు కూడా కదలక్కర్లేకుండా. నేర్పడానికి పిలిచినవాడు పదకొండు వేశాడు. తప్పిన బంతి ఎటు దూకుతుందో నాకెలా తెలుసని టీవీ వాళ్ళు అడుగుతుంటారు. పదమూడేళ్ళు వీడి తప్పుల కింద నిలబడి నేర్చుకున్నాను.

పన్నెండోది పడ్డాక బంతి ఇవ్వలేదు.

"ఏంటే, పడిందిగా! ఇటివ్వు."

"ఇవ్వను. నువ్వు రింగ్ కిందికి రా."

"రూలు రూలే అమ్మా," అన్నాడు నాన్న గుమ్మంలోంచి నవ్వుతూ. అమ్మ తడి చేతులతోనే మెట్లు దిగి రింగ్ కిందికి నడిచింది. నాకు ఏడుపొచ్చింది.

"నువ్వొద్దమ్మా. డెరెక్ నిలబడతాడు."

వాడు నాన్న వైపు చూశాడు. గొణుక్కుంటూ వచ్చి నిలబడ్డాడు. పదిహేనడుగుల దూరం నుంచి వేశాను. తప్పింది. "నాది!" అన్నాడు.

"కాదు. తప్పినా నాదే. తెచ్చివ్వు."

మళ్ళీ వేశాను. తప్పింది. మూడోది పడింది. మంగళవారం నన్ను వదిలేసి నిలబడే అమ్మాయి ముందు, ఆ ప్రొఫెషనల్ జట్టు ఆవిడ చూస్తుండగానే వేస్తాను. ఎన్ని తప్పినా వేస్తాను. బెంచీ మీద కూర్చోబెడితే కూర్చుంటాను. ఆవిడ రాసుకునే కాగితంలో మాత్రం స్వార్థం లేదన్న మాట ఉండకూడదు.

నాలుగోది రింగ్ అంచుకి తగిలి, డెరెక్ తల మీదుగా దూకి రోడ్డు వైపు దొర్లింది. అలవాటుగా నా కాళ్ళు అటు కదిలాయి. పట్టి ఆపుకున్నాను. విసుక్కుంటూ వాడే పరిగెత్తాడు.

"లారీలు చూసుకోరా!" అని అమ్మ కేక పెట్టింది.

పదమూడేళ్ళు ఆ రోడ్డు మీదికి నేను పరిగెత్తాను. ఆ కేక వినడం ఇదే మొదటిసారి.