మా అత్త నోట మిగిలిన ఒక్క మాట

మా అత్త వీరరాఘవమ్మకు పక్షవాతం వచ్చిన పదిరోజులకు కుడిచెయ్యి కాస్త ఆడింది. నోరు మాత్రం తిరగలేదు. వచ్చేది ఒక్కటే మాట: "ముదనష్టందానా". మంచినీళ్లు కావాలన్నా అదే, దిండు సర్దమన్నా అదే. అదీ నన్ను చూసే.

పదకొండేళ్లు ఆ నోటి కింద కాపురం చేసినదాన్ని. మంచాన పడ్డాక కూడా తిట్లేనా అని నాకు ఒళ్లు మండింది. పత్తి తీతకొచ్చిన కూలీల ముందు కూడా అనేసరికి ఇక నావల్ల కాదనుకున్నాను. విజయపురి సౌత్‌లో కాలవల ఆఫీసులో పనిచేసే మా బావగారు ధనుంజయరావుకు కార్డు రాసి పడేశాను. "మీ అమ్మను మీరే తీసుకుపోండి. చాకిరీ చేయించుకుంటూ నన్నే తిడుతోంది." మా ఆయన జక్కయ్య అడ్డు చెప్పలేదు. తల్లికి మతి పోయిందని లోపల్లోపలే కుమిలిపోతున్నాడు.

ఆయన తృప్తి కోసం నరసరావుపేట తీసుకెళ్లాం. డాక్టర్ రాజారత్నం నిదానస్తుడు. తాళంచెవి చూపించి, "ఇదేందమ్మా?" అన్నాడు. "ముదనష్టందానా" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన నవ్వలేదు. పెన్నూ, తాళంచెవీ, గడియారమూ బల్లమీద పెట్టి తాళంచెవి ఇమ్మన్నాడు. ఎడంచేత్తో తీసి ఇచ్చింది. గడియారాన్ని పెన్ను పక్కన పెట్టమంటే పెట్టింది.

"ఈమె నీ కూతురా?"

కాదని తలూపింది.

"కోడలా? బాగా చూస్తదా?"

రెండుసార్లు ఔనని తలూపింది. నేను గోడ వంక చూశాను.

"మతి పోలేదయ్యా," అన్నాడు డాక్టరు మా ఆయనతో. "దీన్ని అఫేసియా అంటారు. మెదడులో ఎడమపక్క మాట కూర్చే చోట దెబ్బ తగిలింది. చెప్పాలనుకున్నది లోపలుంది, దానికి మాట దొరకట్లేదు. నోటికి అలవాటైన తిట్లూ పాటలూ మాత్రం వాటంతటవే వచ్చేస్తయి. అది తిట్టనుకోవద్దమ్మా. నీతో ఏదో చెప్పాలని చూస్తోంది."

రక్తపోటుకు బిళ్లలు రాశాడు. మాటకు బిళ్ల లేదన్నాడు. రోజూ ఎదురుగా కూచుని, వస్తువు చేతికిచ్చి, మొదటి అక్షరం అందించి ఆగాలి. తొందరపడి మనం పూర్తి చేయకూడదు.

ఆగడం నావల్లయ్యే పనా? ఓపిక విషయంలో అత్తాకోడళ్లం ఇద్దరూ ఇద్దరమే. గ్లాసిచ్చి "నీ..." అనేదాన్ని. ఆమె తన పాత మాటే అనేది. ఒకనాడు విసుగొచ్చి గ్లాసు నామీదికి విసిరింది. నేనూ నాలుగు అన్నాను. సాయంత్రానికి మళ్లీ కూచున్నాం. నెలకు "నీళ్లు" అంది. ఆ పూట వీధంతా తిరిగి చెప్పొచ్చాను. తర్వాత రా, పో, అన్నం, కూచో. పదకొండేళ్లలో మేమిద్దరం అంతసేపు ఎదురెదురుగా కూచున్నది లేదు. అబద్ధమెందుకు, నాకది బాగుంది.

మూడో నెలలో బావగారు జీపు మాట్లాడుకుని దిగాడు. కాలవలకు నీళ్లు వదిలే రోజులని ఇన్నాళ్లూ సెలవు దొరకలేదట. కార్డు రాసిన చెయ్యి నాదే, ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వద్దనను?

"కోటమ్మా, సామాను సర్దు. నీకింక ఆ బాధ లేదు," అని ఆయన తల్లి మంచం దగ్గరికెళ్లాడు. "ఏందమ్మా, కోటమ్మను చానా తిడుతున్నావంట, తీసుకుపొమ్మని కార్డు రాసింది. పద, మా ఇంటికి పోదాం."

అత్త నావైపు చూసింది. నేను తల దించుకున్నాను. ఆమె పెదాలు కదిలాయి, మాట రాలేదు. అందిద్దామంటే ఏ అక్షరం అందించను? ఏమంటుందో నాకేం తెలుసు? ఆగాను.

"కూచో," అంది కొడుకుతో. చాలాసేపు తంటాలు పడింది. "అన్నం... తిని..."

ఎవరం అందించలేదు.

"పో."

బావగారు చెప్పులు విప్పి కూచున్నాడు. నేను పళ్లెం కడుక్కొస్తానని పెరట్లోకి పోయి కాసేపు ఏడ్చాను.