లామ్రియా దువ్వెన ఆపిన పొద్దు

అత్త కింద తడిసిన దుప్పటి లాగేస్తుంటే కింద లోయలోంచి చర్చి గంట వినిపించింది. లామ్రియా చెయ్యి ఆగలేదు. రెండేళ్లుగా ఆదివారం గంట ఆమెకు వాన చప్పుడు లాంటిదే. వినడమే తప్ప వెళ్లడం లేదు. మంచం పట్టిన మనిషిని వదిలి ఎలా వెళుతుంది? "దేవుడు ఇంట్లో కూడా ఉంటాడు" అంటాడు భర్త మానాయెక్, చర్చికి కోటు గుండీలు పెట్టుకుంటూ. అయితే ఆ ఇంట్లో దేవుడి దగ్గర అతను ఒక్క ఆదివారమైనా కూర్చున్నది లేదు.

బాలిగె పట్టణానికి పైన కొండవాలులో ఉంది ఆ ఊరు. అక్కడ బతాక్ తెగ ఇళ్లలో వంశాన్ని కొడుకులతోనే చెప్పుకుంటారు. లామ్రియాకు ముగ్గురూ ఆడపిల్లలు. మూడో బిడ్డ పుట్టినప్పుడు అత్త గుమ్మంలో నిలబడి, "నా కొడుకు పేరు నీతోనే ఆరిపోయిందే" అంది. ఆ రోజు నుంచి లామ్రియా అందరికంటే ముందు లేచింది, అందరి తర్వాత తింది. విందుల్లో పంది మాంసం కోసింది, కుండలు తోమింది, తినేవాళ్ల చాప మీద మాత్రం ఎన్నడూ కూర్చోలేదు. ఎంత చేస్తే ఆ మాట చెరిగిపోతుందో ఆమెకు ఎవరూ చెప్పలేదు. అందుకే చేస్తూనే పోయింది, ఇంకొంచెం చేస్తే చాలేమో అనుకుంటూ, ఆ ఇంకొంచెం ఇరవై ఏళ్లయినా రాలేదు.

ఆ వారం మధ్యలో ఒక పొద్దున అత్తకు తల దువ్వుతోంది. ముసలామె గోడకేసి చూస్తూ అంది:

"పైకి పోయాక దేవుడికి ఏం చూపించాలే? నా దగ్గర నిన్ను అన్న మాటలు తప్ప ఏమీ లేవు."

లామ్రియాకు పదిహేనేళ్లప్పుడు పాస్టరు దగ్గర నేర్చుకున్న పాఠం నోటికొచ్చింది. "ఏమీ చూపించక్కర్లేదు అత్తమ్మా. మనం చేసింది చూసి కాదు, క్రీస్తు చేసింది చూసి రానిస్తాడు."

"ఊరికేనా?"

"ఊరికే."

"ముసలిదాన్ని ఓదార్చడానికి అంటున్నావా?"

"లేదు. నాకు నేర్పిందే చెబుతున్నా."

అత్త మెల్లిగా ఆమెవైపు తల తిప్పింది. "మరి నువ్వెందుకే ఇంత భయంభయంగా చేస్తావు?"

దువ్వెన ఆగిపోయింది. చిన్నప్పటి నుంచి తెలిసిన మాటే, పిల్లలకు తనే నేర్పిన మాటే, తనకూ వర్తిస్తుందని లామ్రియాకు ఒక్కనాడూ తోచలేదు. కొడుకును కనకపోవడం తన తప్పని ఒప్పుకున్నదెవరు, తను కాదూ? కళ్లు తుడుచుకుని జడ పూర్తి చేసింది. అత్త ఆమె మణికట్టు పట్టుకుంది. క్షమించమని అడగలేదు. వదల్లేదు కూడా.

తర్వాతి ఆదివారం లామ్రియా పెట్టెలోంచి మంచి బట్టలు తీసి కట్టుకుంది.

"ఎక్కడికి?" అన్నాడు మానాయెక్.

"చర్చికి."

"అమ్మకు గుడ్డలు ఎవరు మారుస్తారు?"

"నువ్వు."

"మగవాణ్ణి, నాకేం తెలుసు?"

"నాకూ తెలీదు. చేస్తూ నేర్చుకున్నా."

లోపలినుంచి ముసలామె గొంతు వచ్చింది. "దాన్ని వెళ్లనీరా. వేడినీళ్లు పొయ్యి మీదున్నాయి."

చర్చి మెట్ల దగ్గర ఒక పెద్దావిడ ఆమెను ఎగాదిగా చూసింది. "ముసలమ్మను ఎవరికి వదిలావు లామ్రియా?"

"కన్నకొడుక్కి."

ఆ పూట అందరికీ రొట్టె పంచే ప్రభువు బల్ల ఉంది. వరసలో నడిచి ముందుకెళ్లి మోకరించింది. సబ్బు నీళ్లకు పగిలిన చేతుల్ని దాచబోయి మళ్లీ చాపింది. పాస్టరు వంగి రొట్టె ముక్క ఆమె అరచేతిలో పెట్టాడు. రెండేళ్లలో ఆమెకు ఒకరు వడ్డించిన మొదటి ముద్ద అది.