సద్దుల బతుకమ్మ నాటి మూట

శ్యామ్‌సుందర్ గారి ఫోన్ వచ్చినప్పుడు నా చేతుల నిండా శనగపిండి. మిర్చి బజ్జీలు వేస్తున్నాను. మా ఆయన విజయేందర్ ఫోన్ నా చెవి దగ్గర పట్టుకుని, తన చెవి కూడా దానికే ఆనించాడు. స్పీకర్ పెట్టొచ్చు కదా అని ఇద్దరికీ తోచలేదు. పెళ్ళయి మూడో నెల. ఇట్లాంటివన్నీ మాకు ఇంకా బాగుంటాయి.

"ఆర్డర్ మీకే ఇస్తున్నమమ్మా," అన్నారాయన. ఆబిడ్స్‌లో ఆయన మేనేజర్‌గా ఉన్న హోటల్ దుప్పట్లు, దిండు గలీబులు, తువ్వాళ్ళు ఇకనుంచి శుభ్రం చేసి ఇచ్చేది మా దుకాణమే. "మీరు ఒక్కనాడు సుత నాగా పెట్టరని లాడ్జిలోల్లు చెప్పిన్రు. దసరాకు సుత బట్టలు ఇచ్చిన్రట గద!"

నేను పిండి చేతులతోనే విజయేందర్ బుగ్గలు పట్టుకున్నాను. మూకుట్లో బజ్జీలు మాడిపోతున్నాయి.

"ఒక్క షరతు," అన్నారు శ్యామ్‌సుందర్ గారు. "మా కంపెనోల్లు ఇప్పుడు గట్టిగ అడుగుతున్రు. బట్టలు ఏడ ఉతికినా, ఉతికేటోల్లు వాల్ల ఇష్టంతోని చెయ్యాలె. పోతనంటె పోనియ్యాలె. మీరు బయట ఇచ్చి ఉతికిపిచ్చే కాడ సుత అంతే. పోయి కండ్లార చూసి, నాకు మాట ఇయ్యున్రి."

"దాందేముంది సార్!" అన్నాడు విజయేందర్.

నాంపల్లి స్టేషన్ దగ్గరి సందులో కింద దుకాణం, పైన మా గది. లాడ్జిల బట్టలు తెచ్చి ఇస్త్రీ చేసి, మడతపెట్టి ఇస్తాం. ఉతకడం మాత్రం మా దగ్గర కాదు. అది చాదర్‌ఘాట్‌లో మూసీ పక్కన, బాలమల్లు గారి కార్ఖానాలో. చనిపోయిన మా మామగారికి ఆయన దోస్తు. విజయేందర్‌కు కాక, కాబట్టి నాకు మామ. సాయంత్రం 'రేపు పొద్దుగాల కావాలె కాకా' అని మెసేజ్ పెడితే చాలు, తెల్లారేసరికి ఉతికిన మూట గడప ముందు ఉంటుంది. ఎంత హడావిడిగా అడిగినా ఏనాడూ కాదనలేదు.

ఆ సాయంత్రం అద్దం ముందు నల్లపూసలు సర్దుకుంటూ, ఫ్రేముకు గుచ్చి పెట్టుకున్న తంగేడు పువ్వును చూశాను. ఎండి గోధుమరంగుకు తిరిగింది. సద్దుల బతుకమ్మ నాటి పువ్వు అది. పెళ్ళయ్యాక నాకు మొదటి బతుకమ్మ. అమ్మ వాళ్ళింటికి బయల్దేరుతూ మూట విప్పితే, తెల్లటి దుప్పటి మడతలో తంగేడు గుత్తి! ఎవరో నాకోసమే పెట్టారని ఎగిరి గంతేశాను. గుత్తిని బతుకమ్మలో పేర్చి, ఒక్క పువ్వు దాచుకున్నాను.

'దసరాకు సుత' అన్న మాట మళ్ళీ చెవిలో మెదిలింది.

"విజయ్, సద్దుల నాడు మూట వచ్చింది కద?" అత్తమ్మ ముందు 'మీరు' అంటాను, గదిలో 'నువ్వు'.

"ఔ, వచ్చింది."

"దసరా నాడు?"

"గప్పుడు సుత వచ్చింది. ఏందిప్పుడు?"

"మన దగ్గర ఇస్త్రీ చేసేటోల్లు ఆ రోజులల్ల ఏడున్నరు?"

"ఊర్లల్ల. పండుగకు పట్నంల ఎవలుంటరే..." అని ఆగిపోయాడు. చేతిలోని బజ్జీ ప్లేటులో పెట్టేశాడు.

"మరి మూట ఎవరు ఉతికిన్రు?"

ఆ ప్రశ్న ముందే అడగాలని మాకు తోచనే లేదు. మూట వస్తోందని సంబరపడ్డాం, అంతే.

తెల్లారి ఆదివారం. స్కూటర్ మీద చాదర్‌ఘాట్ పోయాం. కార్ఖానా గేటుకు బయటినుంచి తాళం వేసి ఉంది. బందేమో అనుకుని ఊపిరి పీల్చుకున్నాను. అంతలో లోపల బట్టలు బాదుతున్న చప్పుడు వినిపించింది.

బాలమల్లు మామ ఎదురింటి అరుగు మీది నుంచి లేచొచ్చాడు. మొలకు తాళంచెవుల గుత్తి.

"అగో, కోడలుపిల్ల వచ్చింది! ఏం బిడ్డా, మావోడు మంచిగ చూసుకుంటుండా, లేకుంటె చెవు పిండాల్నా?"

"నేనే నిన్న బజ్జీలు మాడబెట్టిన మామా."

"కొత్త పెండ్లోల్ల ఇంట్ల మాడకుంటెనే అనుమానం!" అని పకపకా నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. నవ్వుతూనే తాళం తీశాడు.

లోపల ఆవిరి, సోడా వాసన. సిమెంటు తొట్ల దగ్గర ఆడవాళ్ళు, మగవాళ్ళు వంగి పనిచేస్తున్నారు. ఎవరూ తలెత్తలేదు. గోడ మూలన ఒక తంగేడు చెట్టు ఉంది. చేయి అందేంత వరకు పువ్వన్నది లేదు.

మామ విజయేందర్‌కు కొత్త బాయిలర్ చూపిస్తున్నాడు. నేను చెట్టు దగ్గర దుప్పటి పిండుతున్న ఆమెను అడిగాను. "మూటల పువ్వు పెట్టింది ఎవరక్కా?"

ఆమె బెదిరింది. "నేనేనమ్మా. తప్పయిందా?"

"అయ్యో లేదు. నా బతుకమ్మల పెట్టుకున్న."

ఒక్క క్షణం ఆమె ముఖం వెలిగింది. "మంచిగయింది. మేమైతె పోలేకపోతిమి, పువ్వన్న పోనీ అనుకున్న."

ఆమె పేరు జమున, మక్తల్ దిక్కు ఊరు. నీళ్ళలో నాని వేళ్ళు తెల్లగా పగిలి ఉన్నాయి. మామ వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "నా బిడ్డకు నెలలు నిండినయమ్మా. తొలికాన్పు. తల్లిగారింటికి తోల్కరావాలె గద? తల్లి ఈడ ఉండె. అల్లుడు ఫోన్ చేసి తిడుతుండట. ఫోన్ సేటు కాడనే ఉంటది, ఆధార్ కార్డు సుత. మా నాయిన సచ్చిపోయిన సంగతి సుత దినాలు అయినంకనే చెప్పిండు. గిప్పుడు బిడ్డకేమన్న అయితె గూడ..." అని ఆపి, దుప్పటి మళ్ళీ పిండసాగింది. అందులో నీళ్ళు లేవు.

నేను మామ దగ్గరికి పోయి, వీలైనంత తేలిగ్గా అన్నాను. "మామా, జమునక్కను ఇయ్యాల మా ఇంటికి తీస్కపోనా? బొట్టు పెట్టి చీర పెడ్త. సాయంత్రం మేమే దింపుతం."

"ఏంది బిడ్డా, తమాషా చేస్తున్నవా? గేటు దాటితె గీల్లు మల్ల వస్తరా? ఒకల్లను ఇడిస్తె అందరు పోతమంటరు. గప్పుడు మీకు పొద్దుగాల మూట ఎవడిస్తడు?" మామ ముఖంలో నవ్వు అట్లాగే ఉంది. "ఫికర్ చెయ్యకు. కార్డులు, ఫోన్లు నా కాడ భద్రం. బిడ్డల లెక్క చూసుకుంటున్న. పెండ్లిల్ల సీజన్ అయిపోనీ, పంపిస్త."

మీకు, అన్నాడు. ఆ మాట గుచ్చుకుంది. చాయ్ తాగి పొమ్మన్నా ఆగలేదు. వెనక తాళం పడిన చప్పుడు స్కూటర్ హోరులో కూడా వినిపించింది.

ప్రతి ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తాం. ఆ రోజు బండి ఆపలేదు. దుకాణం ముందు దిగాక విజయేందర్ మెల్లగా అన్నాడు. "ఉతుకుడు వేరేటోల్లకు ఇద్దాం. సారుకు చెప్తె ఆర్డర్ పోతది."

"మన మూట మారుతది. ఆ గేటుకు తాళం అట్లనే ఉంటది. ఆమె బిడ్డ కాన్పు ఆగుతదా?"

"కాక మా నాయిన పాడె మోసిండు, రశ్మీ."

షట్టర్ సగం ఎత్తి లోపల కూర్చున్నాం. పొద్దున గడప ముందు దింపిన మూట అక్కడే ఉంది. ఎవరం విప్పలేదు. చాలాసేపటికి విజయేందర్ తనే ఫోన్ తీశాడు.

"సార్, మాట ఇయ్యలేను. ఆడ మంచిగ లేదు. పోతమన్నోల్లను పోనిస్తలేరు."

"నిజం చెప్పిన్రు, మంచిది," అన్నారు శ్యామ్‌సుందర్ గారు. "గని ఆర్డర్ ఆపుత. ఆల్లు బయటికొచ్చినంక చూద్దాం."

నిన్నటి సంబరం ఒక్క రోజు కూడా నిలవలేదు. నేను మూట మీద చేయి వేసి కూర్చున్నాను. ఇంకా తడిగా ఉంది. అంతలో విజయేందర్ ఫోన్ మోగింది. బాలమల్లు మామ మెసేజ్: 'రేపు మూట పంపాల్నా బిడ్డా?'

విజయేందర్ దాన్ని చాలాసేపు చూశాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

"రేపు సోమవారం," అన్నాడు. "కలెక్టరాఫీసుల ప్రజావాణి ఉంటది, అందరి ఫిర్యాదులు తీస్కుంటరు. ఇద్దరం అందరికంటె ముందు నిలబడి అర్జీ పెడుదం. ఆఫీసర్లు ఎప్పుడు వస్తమంటె అప్పుడు ఆల్లను ఎంటబెట్టుకోని చాదర్‌ఘాట్ పోదాం. నువ్వు జమునక్కను మక్తల్ బస్సు ఎక్కియ్యాలె. ఇగ మూట పంపకు, వీలైనప్పుడు నేనే వచ్చి తీస్కపోత అని కాకకు ఇప్పుడే చెప్త. మూట కోసమే వచ్చిన అనుకోని, గేటు తాళం ఆయన చేతులతోని ఆయనే తీస్తడు."